దట్టమైన అడవిలో దగ్గరి వేట: లీవర్ యాక్షన్ రైఫిల్‌కు తూటా ఎంపిక

లీవర్ యాక్షన్ రైఫిల్ అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే పిడిని చేత్తో కిందికి తోసి పైకి లాగితే, పేలిన తూటా డొల్ల బయటపడి కొత్త తూటా బ్యారెల్‌లోకి ఎక్కే తుపాకి. అమెరికా తూర్పు, ఉత్తర రాష్ట్రాల అడవుల్లో జింకల వేటకు ఇది నూట పాతికేళ్లకు పైగా వాడుకలో ఉంది. మెయిన్, పెన్సిల్వేనియా, న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండక్ కొండలు, మిషిగన్ ఎగువ ద్వీపకల్పం, అపలాచియన్ పర్వత సానువులు దీనికి పెట్టింది పేరు. అక్కడి ఓక్, మేపుల్, హెమ్లాక్ చెట్ల మధ్య చూపు వంద గజాలు సాగడమే గొప్ప. తెల్లతోక జింక నలభై, యాభై గజాల్లో పొదల సందున కనబడుతుంది; రెండు మూడు సెకన్లు నిలబడితే నిలబడినట్టు, లేకపోతే లేదు. అలాంటి చోట ఏ తూటా ఎంత దూరం పోతుందన్న ప్రశ్నకు విలువ లేదు. జింకను బాధపెట్టకుండా, పడిన చోటే దొరికేలా ఒక్క దెబ్బతో చంపగలిగేది ఏదన్నదే అసలు ప్రశ్న.

ఈ వ్యాసంలో తూటా అంటే డొల్ల, మందు, ప్రైమర్, గుండు అన్నీ కలిసిన మొత్తం. గుండు అంటే బ్యారెల్ దాటి పోయే లోహపు ముక్క. గుండు బరువు గ్రెయిన్లలో, వేగం సెకనుకు అడుగుల్లో, శక్తి అడుగు-పౌండ్లలో ఉంటాయి. తూటా పెట్టెల మీద అచ్చయ్యే కొలతలు అవే. సుమారు 15 గ్రెయిన్లు ఒక గ్రాము. ఒక అడుగు-పౌండు 1.36 జౌళ్లు.

తుపాకి పెట్టే షరతులు

ఈ రైఫిల్ విషయంలో తూటాను ముందు ఎంచుకుని తుపాకిని తరువాత వెతుక్కోవడం కుదరదు. చాలావాటిలో తూటాలు బ్యారెల్ కింది సన్నని గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి వరుసగా పడుకుని ఉంటాయి. ముందున్న తూటా అడుగున నడిమధ్యలో, దెబ్బ తగిలితే మందును అంటించే ప్రైమర్ ఉంటుంది. దాని వెనుకనున్న తూటా గుండు కొన సరిగ్గా ఆ ప్రైమర్‌కే ఆనుకుంటుంది. కొన సూదిగా ఉంటే, తుపాకి పేలి వెనక్కి తన్నినప్పుడు అది ప్రైమర్‌ను గుచ్చి గొట్టంలోనే తూటా పేలే ప్రమాదం ఉంది. అందుకే ఈ రైఫిళ్ల గుండ్లకు మొన బల్లపరుపుగానో గుండ్రంగానో ఉంటుంది. మొద్దు మొన గాలిని చీల్చుకుని పోలేదు కాబట్టి గుండు వేగం త్వరగా పడిపోతుంది. వంద గజాల్లోపు ఆ నష్టం లెక్కలోకి రాదు. 2000 దశకం మధ్యలో హార్నడీ కంపెనీ మెత్తని రబ్బరు లాంటి మొన ఉన్న గుండ్లను లెవరెవల్యూషన్ పేరుతో తెచ్చింది. వాటి మొన ఒత్తుకుపోతుంది తప్ప ప్రైమర్‌ను గుచ్చదు.

రెండో షరతు, పేలేటప్పుడు తూటాను వెనుక నుంచి మూసిపట్టే తాళం గట్టితనం. పాత లీవర్ రైఫిళ్ల బోల్టు, నేటి బోల్ట్ యాక్షన్ రైఫిళ్లంత ఒత్తిడిని తట్టుకోదు. కాబట్టి వీటికి తయారైన తూటాలు మధ్యస్థ ఒత్తిడితో, బరువైన గుండును మధ్యస్థ వేగంతో పంపుతాయి. దగ్గరి వేటకు ఇదే కలిసొచ్చింది. మరీ వేగంగా వచ్చే పలచని గుండు దగ్గరలో తగిలితే కండను ఛిద్రం చేసి మాంసాన్ని పాడుచేస్తుంది. నిదానంగా పోయే బరువైన గుండు లోపల ఒక మోస్తరుగా విచ్చుకుని అవతలి పక్కకు దూసుకుపోతుంది. రెండు పక్కలా రంధ్రం పడితే నెత్తురు జాడ స్పష్టంగా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో దెబ్బ తిన్న జింక కూడా ఒక్కోసారి వంద గజాల దాకా పరుగెడుతుంది. రాలిన ఆకుల మీద, సాయంత్రపు మసక వెలుతురులో దాన్ని వెతికేవాడికి ఆ జాడే దిక్కు.

థర్టీ-థర్టీ

జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన వించెస్టర్ 1894 రైఫిల్ మొదట .32-40, .38-55 అనే పాత తూటాలతో వచ్చింది. అవి నల్ల తుపాకిమందు కాలం నాటివి. మరుసటి ఏడు, 1895లో, అదే రైఫిల్‌కు పొగలేని మందుతో .30-30 తూటా వచ్చింది. అమెరికాలో పొగలేని మందుతో వేట కోసం తయారైన తొలి చిన్న వ్యాసపు తూటాల్లో ఇది ఒకటి. మొదటి 30 బ్యారెల్ లోపలి వ్యాసం, అంటే అంగుళంలో నూటికి ముప్పై వంతులు; రెండో 30 ఆనాటి మందు బరువు, గ్రెయిన్లలో. ఆ రైఫిల్ 70 లక్షలకు పైగా తయారైంది. దానికి పోటీగా నిలిచిన మార్లిన్ 336 మోడల్ 1948లో వచ్చి, అది కూడా లక్షల ఇళ్లకు చేరింది.

ఈ తూటాతో 170 గ్రెయిన్ల గుండు బ్యారెల్ దాటేటప్పుడు 2200 అడుగుల వేగంతో, 1827 అడుగు-పౌండ్ల శక్తితో ఉంటుంది. వంద గజాల దగ్గర ఆ శక్తి 1355కు, రెండు వందల గజాల దగ్గర 989కి దిగుతుంది. జింకకు వెయ్యి అడుగు-పౌండ్లు ఉండాలని అమెరికా వేటగాళ్లలో ఒక పాత లెక్క ఉంది. అది శాస్త్రం తేల్చిన నియమం కాదు, అనుభవం మీద పెట్టుకున్న గీత. ఆ గీత ప్రకారం చూసినా థర్టీ-థర్టీకి దాదాపు రెండు వందల గజాల దాకా పనితనం ఉంది. అడవిలో అవసరమయ్యేది అందులో సగం కూడా కాదు. 150 గ్రెయిన్ల గుండు ఇంకొంచెం వేగంగా, 2390 అడుగులతో పోతుంది. జింకకు ఏదైనా చాలు. నల్ల ఎలుగుబంటి కూడా ఎదురుపడే అడవిలో 170 గ్రెయిన్లదే మేలు, ఎందుకంటే అది లోతుగా పోతుంది.

గురి సర్దుకునే పద్ధతి కూడా తేలికే. వంద గజాల దగ్గర సరిగ్గా మధ్యలో తగిలేలా పెట్టుకుంటే రెండు వందల గజాల దగ్గర గుండు ఎనిమిది అంగుళాలకు పైగా కిందికి దిగుతుంది. వంద దగ్గర రెండున్నర అంగుళాలు పైన తగిలేలా పెట్టుకుంటే ఆ దిగుడు మూడు నాలుగు అంగుళాలకు తగ్గుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది నుంచి పది అంగుళాల వెడల్పు. కాబట్టి గురిని పైకీ కిందికీ జరిపే లెక్కలేవీ లేకుండా నేరుగా ఛాతీ మీద పెట్టి కాల్చవచ్చు.

దీని తన్ను కూడా భుజం ఓర్చుకోగలిగినంతే. తన్నుకు భయపడేవాడు ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూస్తాడు, తుపాకిని ముందుకు తోస్తాడు. గుండు ఛాతీలో పడాల్సింది కడుపులో పడుతుంది. కడుపులో దెబ్బ తిన్న జింక గంటల తరబడి నరకయాతన పడి చస్తుంది. తూటా ఎంపికలో శక్తి కన్నా తన్నుకు ముందు స్థానం ఇవ్వాల్సింది ఇందుకే. సుమారు మూడు కిలోల తుపాకితో పదిహేనేళ్ల పిల్లవాడైనా, సన్నటి ఒడలు ఉన్న మనిషైనా బెదరకుండా కాల్చగల తూటా థర్టీ-థర్టీ.

దీనికి దగ్గరి చుట్టం .35 రెమింగ్టన్. 1906లో ఒక సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కోసం పుట్టి, తరువాత మార్లిన్ 336లో స్థిరపడింది. 200 గ్రెయిన్ల గుండు, 2080 అడుగుల వేగం, 1921 అడుగు-పౌండ్ల శక్తి. రంధ్రం కాస్త పెద్దది, నూట యాభై గజాల్లోపు ఎంతో నమ్మకమైనది. చిక్కల్లా దుకాణాల్లోనే: అన్ని చోట్లా దొరకదు, దొరికినా ఖరీదు ఎక్కువ. .32 వించెస్టర్ స్పెషల్, .38-55 ఇప్పుడు పాత తుపాకులు వారసత్వంగా వచ్చినవాళ్ల కోసమే మిగిలాయి.

బరువైన తూటాలు

.45-70ను అమెరికా సైన్యం 1873లో స్వీకరించింది. 405 గ్రెయిన్ల గుండు, అంటే 26 గ్రాముల సీసం, 1330 అడుగుల వేగంతో పోతుంది. కాగితం మీద దాని శక్తి 1590 అడుగు-పౌండ్లు, థర్టీ-థర్టీ కన్నా తక్కువ. దగ్గరలో తగిలినప్పుడు మాత్రం అర అంగుళానికి కాస్త తక్కువ వ్యాసమున్న ఆ గుండు ఎముక అడ్డొచ్చినా ఆగదు. 1886 వించెస్టర్ లీవర్ రైఫిల్ కూడా ఈ తూటాతో వచ్చింది. 1972లో మార్లిన్ తన 1895 మోడల్ పేరును తిరిగి వాడుకలోకి తెస్తూ దీనికి రెండో జీవితం ఇచ్చింది.

ఇక్కడ కొనేవాళ్లు ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. .45-70 అని రాసి ఉన్న పెట్టెలన్నీ ఒకటి కావు. 1873 నాటి ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ తట్టుకోగల తక్కువ ఒత్తిడి తూటాలు ఒక రకం. నేటి మార్లిన్ లాంటి గట్టి లీవర్ రైఫిళ్లకు మాత్రమే పనికొచ్చేవి రెండో రకం. సింగిల్ షాట్ రూగర్ నంబర్ 1 లాంటి ఇంకా గట్టి తుపాకుల కోసం చేతితో నింపుకునేవి మూడో రకం. మూడూ ఒకే బ్యారెల్‌లోకి దూరతాయి. పాత తుపాకిలో రెండో రకాన్ని పెడితే తుపాకి పగిలి కన్నో చెయ్యో పోవచ్చు. తాతల నాటి రైఫిల్ చేతిలో ఉన్నవాళ్లు పెట్టె మీది హెచ్చరిక చదవకుండా ఒక్క తూటా కూడా ఎక్కించకూడదు. 2000లో వచ్చిన .450 మార్లిన్ డొల్ల అడుగున పట్టీ పెట్టడానికి ఒక కారణం కూడా ఇదే: ఆ శక్తిమంతమైన తూటా పాత .45-70 తుపాకిలో దూరకూడదని.

1964లో వచ్చిన .444 మార్లిన్ 240 గ్రెయిన్ల గుండును 2350 అడుగుల వేగంతో పంపుతుంది; శక్తి మూడు వేల అడుగు-పౌండ్లకు దగ్గర. అలాస్కాలో గోధుమ ఎలుగుబంటి, కెనడాలో మూస్ ఎదురయ్యే చోట .444, బరువైన .45-70 తూటాలకు అర్థం ఉంది. తెల్లతోక జింకకు అంత బరువు అక్కర్లేదు. గట్టి .45-70 తూటాల తన్ను థర్టీ-థర్టీకి రెండు మూడింతలు ఉంటుంది. అవి కొన్నవాళ్లు సాధన మానేస్తారు, సాధన లేనివాళ్ల గురి తప్పుతుంది.

పిస్తోలు తూటాలు

1935 నాటి .357 మాగ్నం, 1955 నాటి .44 మాగ్నం రివాల్వర్ల కోసం పుట్టాయి. పొడుగు బ్యారెల్‌లో మందు ఎక్కువసేపు తోస్తుంది కాబట్టి రైఫిల్‌లో వాటి వేగం బాగా పెరుగుతుంది. .44 మాగ్నం 240 గ్రెయిన్ల గుండు రైఫిల్ నుంచి 1760 అడుగుల వేగంతో వెళ్తుంది. బయటపడేటప్పుడు 1650 అడుగు-పౌండ్లు, వంద గజాలకు 988. పైన చెప్పిన వెయ్యి గీత ప్రకారం దీని హద్దు వంద గజాలే. ఆ హద్దు తెలిసి వాడితే అడవిలో ఇంత చురుకైన తుపాకి మరొకటి లేదు: పొట్టిది, తేలిక, గొట్టంలో తూటాలు ఎక్కువ పడతాయి. .357 మాగ్నం వంద గజాలకు ఆ గీతకు చాలా కిందికి పడిపోతుంది. నిశ్చలంగా నిలబడిన జింకను యాభై గజాల్లో కాల్చే నిగ్రహం ఉన్నవాళ్లకే అది. మొదటిసారి వేటకు వెళ్లేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

గొట్టం లేని లీవర్ రైఫిళ్లు

జమైకాలో పుట్టిన ఆర్థర్ సావేజ్ తన లీవర్ రైఫిల్‌లో గొట్టాన్నే తీసేశాడు. ఆయన రైఫిల్‌లో తూటాలు లోపల గుండ్రంగా తిరిగే చక్రంలో కూర్చుంటాయి. ఇక మొన సూదిగా ఉన్నా భయం లేదు. .250-3000, .300 సావేజ్ లాంటి వేగమైన తూటాలు లీవర్ రైఫిల్‌లోకి వచ్చింది ఆ మార్గంలోనే. తరువాత వించెస్టర్ 88, బ్రౌనింగ్ బిఎల్ఆర్ పెట్టె మ్యాగజైన్‌తో .308 వించెస్టర్ లాంటి పూర్తి ఒత్తిడి తూటాలను వాడాయి. అడవి అంచున పొలాలు, విద్యుత్ తీగల కింద చెట్లు నరికిన పొడవాటి బాటలు ఉండే చోట వేటాడేవారికి ఇవి బాగుంటాయి. పూర్తిగా దట్టమైన అడవిలోనే తిరిగేవారికి .308 చేసేదీ థర్టీ-థర్టీ చేసేదీ యాభై గజాల్లో ఒకటే.

పెట్టె మ్యాగజైన్ దారిలో మొదటిది వించెస్టర్ 1895. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా సైన్యం దాదాపు మూడు లక్షల రైఫిళ్లు ఈ మోడల్‌లో కొన్నది. 1904లో దీనికి .405 వించెస్టర్ తూటా వచ్చింది: 300 గ్రెయిన్ల గుండు, 2200 అడుగుల వేగం. అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు తీసుకెళ్లిన తుపాకుల్లో ఇదొకటి. తెలుగు నేలకు సంబంధించిన లీవర్ రైఫిల్ కథ కూడా దీనిదే. బెంగళూరులో నివసించిన వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉండేది .405 వించెస్టర్. తిరుపతి దగ్గరి మామండూరు అడవులు, నల్లమలలోని దిగువమెట్ట ఆయన కథల్లో కనిపిస్తాయి. నరమాంసం మరిగిన పులిని పొదల్లో అతి దగ్గరగా ఎదుర్కోవాల్సిన పనికి ఆ బరువైన గుండు తగినది.

పొదల్ని చీల్చుకుపోయే గుండు లేదు

బరువైన, నిదానమైన గుండు కొమ్మల్నీ రెమ్మల్నీ విరుచుకుంటూ నేరుగా పోతుందని వేటగాళ్లలో తరతరాలుగా ఒక నమ్మకం ఉంది. లావు తూటాల అమ్మకానికి కూడా ఆ నమ్మకం పనికొచ్చింది. వరుసగా పుల్లలు పాతి వాటి వెనుక అట్టలు నిలబెట్టి కాల్చి చూసినవాళ్లకు అన్ని రకాల గుండ్లూ పక్కకు మళ్లడమే కనిపించింది. బరువైనవి సగటున కాస్త తక్కువ మళ్లవచ్చు, అయినా నమ్మదగినంత తేడా కాదు.

లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. రెమ్మ తగిలి గుండు ఒక్క డిగ్రీ మళ్లిందనుకుందాం. జింక ఆ రెమ్మకు ఒక మీటరు వెనుక ఉంటే గుండు రెండు సెంటీమీటర్లలోపే జరుగుతుంది, ఛాతీలోనే పడుతుంది. రెమ్మ తుపాకి దగ్గర ఉండి, జింక ముప్పై మీటర్ల అవతల ఉంటే అదే ఒక్క డిగ్రీ అర మీటరు అవుతుంది. అప్పుడు గుండు కడుపులోనో తొడలోనో పడుతుంది, లేదా గాలికి పోతుంది. పైగా రెమ్మ తగిలిన గుండు పల్టీ కొడుతూ అడ్డంగా తగలవచ్చు. దీనికి మందు తూటాలో లేదు. ఖాళీ సందు కనబడేదాకా ఆగాలి, కనబడకపోతే ట్రిగ్గర్ నొక్కకూడదు. తక్కువ శక్తి గల స్కోపు ఇక్కడ సాయపడుతుంది: ఒకటి నుంచి నాలుగు రెట్లు పెంచేది పెట్టుకుంటే ఉత్త కంటికి ఆనని సన్నని పుల్ల కూడా కనబడుతుంది. మార్లిన్ డొల్లను పక్కకు విసురుతుంది కాబట్టి స్కోపు బిగించడం సులువు. 1980ల ముందటి వించెస్టర్ 94 డొల్లను నేరుగా పైకి విసురుతుంది. దానికి రంధ్రంలోంచి చూసే పీప్ సైట్ బాగా కుదురుతుంది.

చట్టం కూడా తూటాను ఎంచుతుంది

పెన్సిల్వేనియాలో సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో జింకను వేటాడకూడదు. అక్కడ లీవర్ రైఫిల్ ఇంటింటి వస్తువు కావడానికి అది ఒక కారణం. థాంక్స్‌గివింగ్ పండుగ తరువాతి సోమవారం వేట మొదలయ్యే రోజుగా దశాబ్దాల పాటు ఉండేది. ఆ రోజు చాలా బడులకు సెలవు ఇచ్చేవారు. 2019లో ఆ మొదటి రోజును శనివారానికి మార్చారు.

ఒహైయో, అయోవా లాంటి చదునైన వ్యవసాయ రాష్ట్రాల్లో గుండు దూరం పోయి ఊళ్లలో పడుతుందని ఏళ్ల తరబడి జింకకు ప్రధానంగా షాట్‌గన్‌నే అనుమతించేవారు. తరువాత మెడ సన్నబడకుండా నిటారుగా ఉండే డొల్లల తూటాలకు అనుమతి వచ్చింది; ఒహైయోలో 2014లో, అయోవాలో 2017లో. .357 మాగ్నం, .44 మాగ్నం, .444, .45-70 ఆ నిబంధనలో ఇముడుతాయి. థర్టీ-థర్టీ డొల్లకు మెడ సన్నం కాబట్టి ఇమడదు. ఆ లోటు తీర్చడానికే రెమింగ్టన్ 2023లో .360 బక్‌హామర్ తెచ్చింది. అది థర్టీ-థర్టీ డొల్లనే నిటారుగా చేసి .358 అంగుళాల గుండు పెట్టిన తూటా. 200 గ్రెయిన్ల గుండు 2200 అడుగుల వేగంతో పోతుంది. ఆ రాష్ట్రాల వేటగాళ్లకు .44 మాగ్నంకూ .45-70కీ మధ్య ఇన్నాళ్లూ ఉన్న ఖాళీని ఇది బాగా పూడ్చింది.

సీసం సంగతి కూడా పట్టించుకోవాలి. సీసపు గుండు జంతువులో పగిలి సన్నని రజను వదులుతుంది. వేటగాడు వదిలేసిన పేగులు తిన్న గద్దలు, కాండర్ రాబందులు ఆ విషంతో చస్తాయి. కాలిఫోర్నియా 2019 జూలై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. రాగి గుండ్లు థర్టీ-థర్టీకి, .45-70కి దొరుకుతున్నాయి. ఖరీదు ఎక్కువైనా, చట్టం లేని రాష్ట్రంలో కూడా వాటినే వాడటం మంచిది. ఆ మాంసం తినేది ఇంట్లో పిల్లలు కూడా.

చేతిలో పట్టుకుంటే

లీవర్ రైఫిల్ నింపడం చూస్తే దాని స్వభావం తెలుస్తుంది. తూటా మొనను తుపాకి కుడి పక్కనున్న చిన్న స్ప్రింగు తలుపుకు ఆనించి బొటనవేలితో లోపలికి తోయాలి. చివరి తూటాకు స్ప్రింగు ఎదురుతిరుగుతుంది, వేలి కొన నలుగుతుంది. ఒకటి పేల్చాక మళ్లీ బయటి నుంచి ఒకటి తోసి గొట్టం నింపుకుంటూ పోవచ్చు. పాత రైఫిళ్లకు విడిగా సేఫ్టీ మీట లేదు. గుర్రాన్ని, అంటే తూటాను పేల్చే సుత్తిని, సగం వెనక్కి లాగి నిలపడమే భద్రత. చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు, చేతొడుగులు వేసుకుని పైకెత్తిన గుర్రాన్ని నెమ్మదిగా దించేటప్పుడు అది జారిందంటే తుపాకి పేలుతుంది. ఆ పని చేసేటప్పుడు బ్యారెల్ నేల వైపు, మనుషులు లేని దిక్కుకు ఉండాలి.

తెల్లతోక జింక కోసం దట్టమైన అడవిలోకి తొలిసారి వెళ్లేవారికి .30-30, 170 గ్రెయిన్ల గుండు సరిపోతుంది. నిటారు డొల్లల చట్టం ఉన్న రాష్ట్రమైతే .360 బక్‌హామర్, లేదా వంద గజాల హద్దు ఒప్పుకుంటే .44 మాగ్నం. పెద్ద ఎలుగుబంట్ల దేశమైతే .45-70. ఏది కొన్నా ఒకే రకం తూటాలు నాలుగైదు పెట్టెలు తెచ్చుకుని, వేట మొదలవడానికి చాలా ముందే బల్ల మీద కాకుండా నిలబడి, మోకాలి మీద కూర్చుని కాల్చి చూసుకోవాలి.

భారతదేశంలో ఈ ఎంపికకు చోటు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణతో వినోదం కోసం వేట పూర్తిగా ఆగిపోయింది. అమెరికాలో ఉండే తెలుగువారిలో హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవారికి తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. దానికి ఉన్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు. ఆ లైసెన్సుకు చాలా రాష్ట్రాల్లో ముందుగా వేట భద్రత శిక్షణ పూర్తి చేయాలి. కాబట్టి శిక్షణ, లైసెన్సు చేతికి వచ్చాకే తుపాకి దుకాణం గడప తొక్కండి.